ప్రైమరీలో మా అభ్యర్థి ఓడిపోయారు. ఐక్యత పేరుతో ఇక నోరెత్తకూడదా?

ప్లేనో ఓటరు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మేం ఉండేది టెక్సాస్‌, కాలిన్ కౌంటీలో. సిటిజన్‌షిప్ వచ్చినప్పటి నుంచీ డెమోక్రటిక్ పార్టీకి వాలంటీర్‌గా ఇంటింటికీ తిరుగుతున్నాను. ఈసారి మా స్టేట్ హౌస్ (రాష్ట్ర శాసనసభ) సీటుకి ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ఎన్నికలో, ముగ్గురు నిలబడ్డారు. ఎవరికీ సగానికి మించి ఓట్లు రాలేదు, అందుకని మొదటి ఇద్దరి మధ్య మేలో రనాఫ్ (మలి విడత పోటీ) ఉంది. నేను పనిచేసిన ఆవిడ మూడో స్థానంలో ఆగిపోయారు. బాధగా ఉంది గానీ, ఓటమి ఓటమే. దాని గురించి గొడవ లేదు.

గొడవంతా ఆ మర్నాటి నుంచే. మా వాలంటీర్ల వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే మెసేజ్ వచ్చింది: మన పార్టీ అభ్యర్థుల మీద ఇక ఒక్క విమర్శ కూడా పెట్టొద్దు, దృష్టంతా నవంబర్ మీదే ఉండాలి అని. స్కూళ్ల నిధుల మీద మా అభ్యర్థి అడిగిన ప్రశ్నకి మిగిలిన ఇద్దరూ ఇంకా జవాబు చెప్పలేదని ఇద్దరు గుర్తుచేశారు. వాళ్లని గ్రూపులోంచి తీసేశారు. రనాఫ్ ఇంకా జరగనే లేదండీ! ఇద్దరిలో ఎవరిని ఎన్నుకోవాలో మాట్లాడుకోవాల్సిన సమయమే ఇది.

తీసేసినవాళ్లలో ఒకావిడ రిటైర్డ్ టీచర్. ఇంటింటికీ తిరిగే వాలంటీర్లు వాడే మినీవాన్ యాప్‌లో మా వీధుల నోట్స్ చాలావరకు ఆవిడ రాసినవే. ఫలానా ఇంట్లో కుక్క ఉంది, గేటు దగ్గరే ఆగండి. ఈ పెద్దాయనకి చెవుడు, బెల్ కొట్టాక కాసేపు ఆగండి. ఇక్కడ తల్లికి స్పానిష్ తప్ప రాదు, కూతురు సాయంత్రం ఆరు తర్వాత ఉంటుంది. ఇలాంటివి. ఆవిడ నాకు ఫోన్ చేసి, నవంబర్‌లో ఓటు తప్పకుండా వేస్తాను గానీ ఇక తలుపులు తట్టను అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

ప్రైమరీలో గట్టిగా పోట్లాడుకుంటే నవంబర్‌లో నిజంగానే ఓడిపోతామా? లేక నోరు మూయించడం వల్లే ఎక్కువ నష్టమా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

హ్యూస్టన్ సీనియర్:

అమ్మా, మీ బాధ అర్థమైంది. అయినా గ్రూపు నడిపేవాళ్ల భయం కూడా ఊరికే పుట్టింది కాదు. 1968లో అప్పటి ఉపాధ్యక్షుడు హంఫ్రీ ఒక్క ప్రైమరీలోనూ పోటీ చేయకుండానే మన పార్టీ అధ్యక్ష అభ్యర్థి అయ్యాడు. అభ్యర్థిని ఖరారు చేసే పార్టీ మహాసభ, షికాగో కన్వెన్షన్‌లో లోపల అరుపులు, బయట లాఠీ దెబ్బలు. ఆయన మీద పోటీ చేసిన మెకార్తీ ఎన్నికలకి వారం ముందు దాకా మద్దతు ప్రకటించలేదు. చివరికి గెలిచిన రిపబ్లికన్ నిక్సన్‌కీ హంఫ్రీకీ మధ్య తేడా ఒక్క శాతం కూడా లేదు.

1980 సంగతి చూడండి. అధ్యక్ష పదవిలో ఉన్న కార్టర్ మీద సొంత పార్టీ సెనేటర్ టెడ్ కెనెడీ ఆగస్టులో కన్వెన్షన్ దాకా పోరాడాడు. ఆఖరి రాత్రి వేదిక మీద ఇద్దరూ చేతులు కలిపి పైకెత్తితే ఫొటో వస్తుందని కార్టర్ ఎదురుచూశాడు. కెనెడీ కరచాలనం చేసి తప్పుకున్నాడు. దేశమంతా టీవీలో చూసింది. నవంబర్‌లో కార్టర్‌కి దక్కింది 538లో 49 ఎలక్టోరల్ ఓట్లే. మన ఇంటి గొడవ వీధిన పెడితే లాభపడేది అవతలివాడే. అందుకే కొన్నాళ్లు ఓపిక పట్టమంటాను.

అయోవా పాత వాలంటీర్:

పెద్దలు చెప్పిన 1980 ఉదాహరణని నేను తిరగేసి చూస్తాను. కెనెడీ పోటీ చేయడం వల్ల కార్టర్ బలహీనపడ్డాడా, బలహీనంగా ఉన్నాడు కాబట్టే కెనెడీ పోటీకి దిగాడా? ధరలు మండిపోతున్నాయి, టెహ్రాన్‌లో అమెరికన్ బందీలు ఇంకా విడుదల కాలేదు. ప్రైమరీ లేకపోయినా ఆ కోపం ఎక్కడికీ పోయేది కాదు. చీలిక చాలాసార్లు జ్వరం లాంటిది, రోగం వేరే చోట ఉంటుంది.

ఇక 2008. ఒబామా, హిల్లరీల పోటీ జూన్ దాకా సాగింది. పార్టీ నాశనమైపోతుందని రోజూ టీవీలో గగ్గోలు. జరిగిందేమిటి? ప్రైమరీ అంత దూరం వెళ్లబట్టి మేలో ఇండియానా, నార్త్ కరోలినా ఓట్లకి విలువ వచ్చింది. అక్కడ ఆఫీసులు తెరిచారు, కొత్త ఓటర్లని నమోదు చేశారు. నవంబర్‌లో ఆ రెండు రాష్ట్రాలూ ఒబామాకే. అంతకుముందు డెమోక్రాట్లు ఇండియానా గెలిచింది 1964లో, నార్త్ కరోలినా 1976లో.

పోటీ అయ్యాక ఇద్దరూ కలిసి మొదటి సభ పెట్టింది న్యూ హాంప్‌షైర్‌లోని యూనిటీ అనే చిన్న ఊళ్లో. అక్కడ ప్రైమరీలో ఇద్దరికీ చెరి 107 ఓట్లు పడ్డాయి. తర్వాత డెన్వర్ కన్వెన్షన్‌లో రోల్ కాల్ (రాష్ట్రాల వారీ ఓట్ల లెక్క) ఆపి ఒబామాని ఏకగ్రీవం చేయమని హిల్లరీయే ప్రతిపాదించింది. ఆయన ఆవిడని విదేశాంగ మంత్రిని చేశాడు. ఆ పోటీలో మాటలు చాలా కరకుగానే నడిచాయి, కానీ ఓడినవాళ్లకి గెలిచినవాళ్ల ఇంట్లో కుర్చీ దొరికింది.

2016లో హిల్లరీ చేతిలో ప్రైమరీ ఓడిన శాండర్స్ కూడా ఆవిడకి మద్దతిచ్చాడు, కన్వెన్షన్‌లో అదే ప్రతిపాదన తనే చేశాడు. అయినా ప్రైమరీలో ఆయనకి ఓటేసినవాళ్లలో దాదాపు 12 శాతం నవంబర్‌లో ట్రంప్‌కి వేశారని ఒక పెద్ద సర్వే లెక్క తేల్చింది. ఆట మొదలు కాకముందే సూపర్ డెలిగేట్లు (ప్రైమరీ ఫలితంతో పనిలేకుండా కన్వెన్షన్‌లో ఓటు వేయగలిగిన పార్టీ పెద్దలు) చాలామంది హిల్లరీ వైపు చేరిపోయారు. సరిగ్గా కన్వెన్షన్ ముందు పార్టీ ఈమెయిళ్లు బయటపడ్డాయి, పార్టీ అధ్యక్షురాలు రాజీనామా చేసింది. ఓడినందుకు కాదు, మోసపోయామని అనిపించినందుకు మనుషులు దూరమవుతారు. 2018లో సూపర్ డెలిగేట్ల రూల్ మార్చింది ఆ నమ్మకం తిరిగి తెచ్చుకోవడానికే.

మా కాకస్‌లో, అంటే ఓటర్లు ఒకచోట చేరి అభ్యర్థిని ఎంచుకునే సభలో, ఇంకో విషయం నేర్చుకున్నాను. 2020 దాకా స్కూల్ జిమ్‌లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో మూల ఉండేది. పదిహేను శాతం రాని గుంపు చెదిరిపోవాల్సి వచ్చేది. అప్పటిదాకా వాదించినవాళ్లే వచ్చి, 'మీరు మా దగ్గరికి రండి' అని బతిమాలాల్సి వచ్చేది. ఐదు నిమిషాల క్రితం మీరు వాళ్లని వెటకారం చేసి ఉంటే ఒక్కరూ వచ్చేవారు కాదు. విధానం మీద ఎంత గట్టిగా అడిగినా వచ్చేవారు, మనిషిని చిన్నబుచ్చితే మాత్రం వచ్చేవారు కాదు.

ఫ్రిస్కో రిపబ్లికన్:

నేను అవతలి పార్టీ, ఏమనుకోకండి. సాటి రిపబ్లికన్‌ని తిట్టకూడదని 1966లో రేగన్ పాటించిన సూత్రం మా దగ్గర అందరికీ కంఠస్థమే. అదే రేగన్ 1976లో అధ్యక్ష పదవిలో ఉన్న మా పార్టీ ఫోర్డ్ మీదే పోటీ చేశాడు. కాన్సస్ సిటీ కన్వెన్షన్‌లో 1187కి 1070 ఓట్లతో ఓడాడు. ఫోర్డ్ నవంబర్‌లో ఓడిపోయాడు. కానీ ఆ పోటీ లేకపోతే 1980లో అధ్యక్షుడిగా గెలిచిన రేగన్ లేడు.

2010లో డెలావేర్‌లో నవంబర్‌లో గెలవగల మైక్ కాజిల్‌ని ప్రైమరీలో ఓడించి, గెలవాల్సిన సెనేట్ సీటు పోగొట్టుకున్నాం. 2016లో ప్రైమరీలో ఓడిన సెనేటర్ క్రూజ్ కన్వెన్షన్ వేదిక మీదే ట్రంప్‌కి మద్దతు చెప్పకుండా దిగిపోయాడు, సొంత పార్టీవాళ్లే అరిచి గోల చేశారు. అయినా గెలిచాం. అందుకని ఒక్క సూత్రంతో అన్నీ తేలవు.

ప్లేనో ఓటరు:

అందరికీ చాలా థాంక్స్. హ్యూస్టన్ అంకుల్, ఓపిక పట్టమన్నారు, నవంబర్ విషయంలో పడతాను. కానీ రనాఫ్ కూడా ఎన్నికే కదా. జవాబు చెప్పకుండా వెళ్లే అభ్యర్థిని నవంబర్‌లో అవతలివాళ్లు అదే ప్రశ్న అడుగుతారు, అప్పుడు తడబడితే నష్టం ఇంకా ఎక్కువ. ఇద్దరికీ ఆ ప్రశ్న మర్యాదగా రాసి ఈరోజే ఈమెయిల్ పంపుతున్నాను, నా పేరుతోనే. తీసేసిన ఇద్దరికీ కబురు చేసి మళ్లీ చేర్చుకోమని గ్రూపు అడ్మిన్‌ని కూడా నేరుగా అడుగుతాను. రనాఫ్‌లో గెలిచే అభ్యర్థి వాళ్లకి తనే ఫోన్ చేస్తే సగం పని అయిపోతుంది.

ఒక్క చిన్న సందేహం. మా తమ్ముడు మార్చిలో రిపబ్లికన్ ప్రైమరీలో ఓటేశాడు. ఇప్పుడు మా రనాఫ్‌లో వేయొచ్చా?

ఫ్రిస్కో రిపబ్లికన్:

వేయకూడదండీ. ఏ పార్టీ ప్రైమరీలో వేస్తే ఆ పార్టీ రనాఫ్‌లోనే వేయాలి. మార్చిలో అసలు ఓటు వేయనివాళ్లు మాత్రం ఏదో ఒక పార్టీ రనాఫ్ ఎంచుకోవచ్చు, మీరు వెతకాల్సింది వాళ్లనే. నవంబర్‌లో మీ తమ్ముడు ఎవరికైనా వేసుకోవచ్చు.