కారవాన్‌లో ట్యూబ్యులర్లు తీసి లిథియం పెట్టాలంటే ఇంకా ఏమేం మార్చాలి?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)
బండి టెంపో ట్రావెలర్, 12 వోల్టులది, కారవాన్‌గా మార్చింది. వెనక 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబ్యులర్లు, అంటే లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండు ప్యారలల్‌లో ఉన్నాయి, మూడేళ్లవి. 2000 వాట్ల సైన్‌వేవ్ ఇన్వర్టర్, టాపు మీద 400 వాట్ల ప్యానెళ్లు. ఇంజిన్ వైపు నుంచి మామూలు రిలేతో ఛార్జింగ్. ఇండక్షన్ పొయ్యి 1500 మీద పెడితే నాలుగైదు నిమిషాల్లో ఇన్వర్టర్ కూతపెట్టి ఆగిపోతోంది. ఆగాక ఐదు నిమిషాలకి చూస్తే మీటర్లో మళ్లీ 12.4 చూపిస్తోంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కి మారదామని ఉంది. బ్యాటరీ ఒక్కటి మారిస్తే సరిపోతుందా?

బొబ్బిలి_సోలార్
సరిపోదండి. ముందు రోజువారీ వాడకం లెక్క చూద్దాం, కారవాన్‌లో మామూలుగా ఉండే సామాను మీ బండిలోనూ ఉందనుకుని.

65 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్ 45 వాట్లు. మన వేసవిలో రోజులో అరవై శాతం సేపు తిరుగుతుంది అనుకుంటే 650 వాట్ అవర్లు. బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు, 30 వాట్ల చొప్పున పది గంటలు, 600. లైట్లు 100, నీళ్ల పంపు 30, ఫోన్లూ ల్యాప్‌టాపూ 200. ఇండక్షన్ నలభై నిమిషాలు, ఇన్వర్టర్ నష్టం కలుపుకుని 1100 పైన. మొత్తం రోజుకి 2700 దాకా వస్తుంది.

మీ ట్యూబ్యులర్లు కాగితం మీద 3600 వాట్ అవర్లు. సగానికి మించి వాడితే ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి చేతికొచ్చేది 1800. పైగా ఆ 150 ఏహెచ్ అన్నది ఇరవై గంటల్లో మెల్లగా ఖాళీ చేస్తే ఇచ్చే లెక్క. ఇండక్షన్ ఒక్కసారిగా 140 ఆంపియర్లు లాగుతుంది. అంత వేగంగా లాగితే లెడ్ బ్యాటరీలో ప్లేట్ల దగ్గరి యాసిడ్ పలచబడి వోల్టేజీ కూలబడుతుంది. కాసేపు వదిలేస్తే యాసిడ్ మళ్లీ కలిసి వోల్టేజీ లేస్తుంది. మీకు 12.4 కనిపించింది అందుకే. మూడేళ్లు వాడిన ప్లేట్లు కాబట్టి ఇంకాస్త ఎక్కువ.

లిథియంలో 280 ఏహెచ్ సెల్స్ నాలుగు సిరీస్‌లో పెడితే 12.8 వోల్టులు, 3580 వాట్ అవర్లు. తొంభై శాతం వాడినా ఇబ్బంది లేదు, అంటే 3200. ఎండ లేని రోజైనా గడిచిపోతుంది. బరువు సెల్స్ వరకే 22 కిలోలు, పెట్టెతో 30. మీ ట్యూబ్యులర్లు రెండూ కలిపి వంద కిలోల పైనే.

రాజాం_వైర్‌మేన్
బ్యాటరీ కంటే ముందు ఆ రిలే తీసీయండి అన్నా. ఏటవుద్దంటే, లిథియంకి లోపలి నిరోధం బాగా తక్కువ. ఖాళీగా ఉన్నప్పుడు ఆల్టర్నేటర్ ఎంత ఇస్తే అంతా మింగేస్తది. బండి ఐడిల్‌లో నిలబడినప్పుడు ఆల్టర్నేటర్ ఫ్యాను నెమ్మదిగా తిరుగుద్ది, కరెంటు మాత్రం పూర్తిగా పోతాది, వైండింగ్ కాలిపోద్ది. మధ్యలో డీసీ టు డీసీ ఛార్జర్ (కరెంటుని ఒక హద్దులోనే పోనిచ్చేది) ఉండాలి, 30 ఆంపియర్లది చాలు. ఇంజిన్ దగ్గర్నుంచి వెనక్కి ఐదారు మీటర్ల వైరు 16 స్క్వేర్ ఎంఎం వేసి, రెండు బ్యాటరీల దగ్గరా 60 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టండి. ఒక్క చివరే పెడితే మధ్యలో వైరు బాడీకి ఆనినప్పుడు రెండో వైపు బ్యాటరీ దాన్ని కాల్చీస్తది.

బీఎస్ 6 బండి అయితే ఇంకొకటి చూసుకోవాలి. కొన్నింట్లో ఆల్టర్నేటర్ వోల్టేజీ కంప్యూటర్ చెప్పినట్టు దిగుతూ లేస్తూ ఉంటది. వోల్టేజీ చూసి ఆన్ అయ్యే ఛార్జర్ మధ్యలో ఆగిపోద్ది. ఇగ్నిషన్ నుంచి సిగ్నల్ వైరు లాగి దాంతో ఆన్ చెయ్యండి.

శ్రీకాకుళంలో బయల్దేరి ఇచ్ఛాపురం దాకా రెండున్నర గంటలు నడిస్తే 70–75 ఏహెచ్ ఎక్కుద్ది. అంటే పావు ప్యాక్.

తాటిపూడి_తీరం (విజయనగరం)
కేబుల్ సంగతి ఎవరూ ఎత్తలేదు. 2000 వాట్లు పూర్తిగా లాగితే 12 వోల్టుల వైపు 190 ఆంపియర్లు. పోనూ రానూ మూడు మీటర్ల దారి ఉంటే 25 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్లో 0.4 వోల్టు పోతుంది, అంటే దాదాపు 75 వాట్లు కేబుల్లోనే వేడి. 70 స్క్వేర్ ఎంఎం అయితే 0.14 మాత్రమే. ఇన్వర్టర్ని బ్యాటరీకి ఒకటిన్నర మీటరు లోపే బిగించండి. వెల్డింగ్ కేబుల్ మెత్తగా వంగుతుంది, కానీ కొనేటప్పుడు ఒక కొస గీరి చూడండి. రాగి పూత పూసిన అల్యూమినియం కూడా అదే పేరుతో అమ్ముతున్నారు.

లగ్గులు సుత్తితో కొట్టి బిగించినవి ఈ కరెంటుకి పనికిరావు. హైడ్రాలిక్ క్రింపర్, సైజుకి తగ్గ డై. మీరు కళింగపట్నం, బారువ, చింతపల్లి బీచి వైపు తిరిగేవాళ్లయితే తగరం పూసిన లగ్గులే తీసుకోండి, పైన గమ్ ఉన్న హీట్ ష్రింక్ వేయండి. ఉప్పుగాలికి వట్టి రాగి తొందరగా పచ్చటి చిలుము పడుతుంది. ఆ చిలుము కింద నిరోధం పెరిగి లగ్గు వేడెక్కుతుంది.

బొబ్బిలి_సోలార్
ఫ్యూజ్ గురించి గట్టిగా చెప్పాలి. లిథియం ప్యాక్ షార్ట్ అయితే క్షణంలో వేల ఆంపియర్లు వస్తాయి. కార్ ఆడియో కొట్లో దొరికే చవక ఫ్యూజు తెగినా లోపల ఆర్క్ ఆరకుండా కరెంటు పోతూనే ఉండొచ్చు. క్లాస్ టి ఫ్యూజ్ (అంత పెద్ద షార్ట్ కరెంటునీ తెంచే రకం) 250 ఆంపియర్లది, ప్లస్ టెర్మినల్‌కి జానెడు దూరంలో. అది దొరక్కపోతే ఒంటి మీద డీసీ వోల్టేజీ, బ్రేకింగ్ కెపాసిటీ (తెంచగల కరెంటు) ముద్రించి ఉన్న హెచ్‌ఆర్‌సీ ఫ్యూజ్. ఏసీ రేటింగ్ ఒక్కటే ఉన్నది వద్దు.

ఉద్దానం_తోట
నా మాట 24 వోల్టులకి వెళ్లమని. ఎనిమిది సెల్స్, కరెంటు సగం, 35 స్క్వేర్ కేబుల్‌తో అయిపోతుంది, బీఎంఎస్ (సెల్స్‌ని కనిపెట్టి, హద్దు దాటితే ప్యాక్‌ని ఆపేసే బోర్డు) 100–120 ఆంపియర్లది చాలు.

బొబ్బిలి_సోలార్
కొత్తగా కట్టే బండికైతే ఒప్పుకుంటాను. ఈయనకి ఇన్వర్టర్, పంపు, లైట్లు అన్నీ 12వే. ఇన్వర్టర్ మార్చాలి, వోల్టేజీ దింపే కన్వర్టర్ పెట్టాలి, ఆల్టర్నేటర్ వైపు 12 నుంచి 24కి పెంచే ఛార్జర్ వెతకాలి. 2000 వాట్ల లోపు 12లోనే ఉంటే మంచిది. బీఎంఎస్ మాత్రం నిరంతరం 200 ఆంపియర్లు మోసేది తీసుకోండి. 100ది పెడితే ఇండక్షన్ పెట్టగానే కట్ అవుతుంది.

నాగావళి_గట్టు
12లోనే ఉంటాను. రెడీమేడ్ ప్యాక్ కొనడమా, సెల్స్ కొని కట్టడమా?

తాటిపూడి_తీరం
మల్టీమీటరు, టార్క్ రెంచి, ఓపిక మూడూ ఉంటే కట్టుకోవడమే మేలు. రేపు ఒక సెల్ పాడైతే విప్పి మార్చుకోవచ్చు. రెడీమేడ్ కొంటే బీఎంఎస్ నిరంతర కరెంటు ఎంతో, ఎంత వేడి దగ్గర ఛార్జింగ్ ఆపుతుందో రాతపూర్వకంగా అడగండి. పెట్టె మీద రాసేది చాలాసార్లు కొన్ని సెకన్ల పీక్ మాత్రమే.

కట్టేటప్పుడు ఎక్కువమంది తప్పు చేసేది టాప్ బ్యాలెన్స్ (అన్ని సెల్స్‌నీ ఒకే స్థాయికి నింపడం) దగ్గర. సెల్స్ రాగానే నాలుగూ ప్యారలల్‌లో కట్టి 10 ఆంపియర్ల సప్లై పెడతారు. అది 1120 ఏహెచ్ గుంట. సెల్స్ ముప్పై శాతంతో వచ్చి ఉంటే నిండడానికి మూడు రోజుల పైనే. విసుగొచ్చి వోల్టేజీ పెంచుతారు, సెల్స్ ఉబ్బుతాయి. దాని బదులు ముందు సిరీస్‌లో బీఎంఎస్ తగిలించి ఛార్జ్ చేయండి. ఏదో ఒక సెల్ 3.65కి చేరి బీఎంఎస్ ఆపుతుంది. అప్పుడు విప్పి ప్యారలల్ చేసి, సప్లైని వైర్లు తగిలించక ముందే 3.60కి సెట్ చేసి, ఆ తరవాతే తగిలించండి. తగిలించాక నాబ్ ముట్టుకోవద్దు. కరెంటు రెండు ఆంపియర్ల కిందికి దిగితే అయిపోయినట్టే.

సెల్స్ మధ్య అర మిల్లీమీటరు ఎపాక్సీ ఫైబర్ షీటు తప్పనిసరి. డబ్బా అల్యూమినియం, పైన ఉన్నది పల్చటి నీలం పొర. ఇంట్లో అయితే ఫర్వాలేదు కానీ బండి కుదుపులకి ఆ పొర రాసుకుని చిరుగుతుంది, రెండు డబ్బాలూ తాకుతాయి. రెండు చివరలా 12 ఎంఎం ప్లైవుడ్ పెట్టి థ్రెడ్ రాడ్లతో కదలకుండా పట్టించండి, మరీ నలిపేయకుండా. బస్‌బార్లు గట్టి రాగి పట్టీలు కాకుండా వంగే రకం వాడండి. సెల్స్ ఉబ్బి తగ్గుతుంటే గట్టి పట్టీ స్టడ్‌ని లాగుతుంది.

రాజాం_వైర్‌మేన్
బీఎంఎస్ పెట్టాక ఇన్వర్టర్ని డైరెక్టుగా తగిలించీకండి. ఇన్వర్టర్ లోపలి కెపాసిటర్లు ఖాళీగా ఉంటాయి, తగిలించగానే పెద్ద మెరుపు వస్తది, బీఎంఎస్ షార్ట్ అనుకుని ఆగిపోద్ది. కొత్త ప్యాక్ పాడైపోయిందని వెనక్కి పంపేస్తున్నారు కొందరు. 30 ఓములు, 25 వాట్ల రెసిస్టర్ గుండా నాలుగైదు సెకన్లు తాకించి, తరవాత మెయిన్ స్విచ్ వెయ్యండి.

బొబ్బిలి_సోలార్
సెట్టింగులు. సోలార్ కంట్రోలర్, ఇన్వర్టర్ ఛార్జర్, డీసీ ఛార్జర్ మూడింట్లోనూ ఒకటే ఉండాలి: బల్క్ (నింపే వోల్టేజీ) 14.2, అరగంట అబ్జార్ప్షన్ (ఆ వోల్టేజీ దగ్గరే నిలపడం), ఫ్లోట్ (నిండాక ఉంచే వోల్టేజీ) 13.5. ఈక్వలైజేషన్ (లెడ్ బ్యాటరీకి అప్పుడప్పుడు ఇచ్చే ఎక్కువ వోల్టేజీ ఛార్జింగ్) పూర్తిగా ఆఫ్, ఎందుకంటే అది 15 దాటిస్తుంది. ఉష్ణోగ్రతని బట్టి వోల్టేజీ మార్చే సెట్టింగూ ఆఫ్, అది లెడ్‌కి కావాల్సింది. ఇన్వర్టర్ లో-వోల్టేజీ కట్ (వోల్టేజీ పడిపోతే ఆగిపోయే అంకె) 12.0. ట్యూబ్యులర్‌కి పెట్టే 10.5 దగ్గరే ఉంచేస్తే ఆపే పని ప్రతిసారీ బీఎంఎస్ మీద పడుతుంది. మీ ఇన్వర్టర్‌లో లిథియం మోడ్ లేకపోయినా ఈ అంకెలు చేత్తో ఇచ్చే వీలుంటే చాలు. ఆ వీలు లేకపోతే ఛార్జర్ భాగం వాడకండి, విడిగా 20 ఆంపియర్ల లిథియం ఛార్జర్ పెట్టండి. గోడ ప్లగ్గు మీద దాని భారం 330 వాట్లు లోపే, దాబాలో ఇచ్చే 6 ఆంపియర్ల సాకెట్ కూడా మోస్తుంది. బండి ఏసీ ఇన్‌పుట్‌లో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తెంచే స్విచ్) ఉండాలి, బయటి ఎర్తింగ్‌ని నమ్మలేం.

ఇక వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో చెప్పే అలవాటు మానుకోవాలి. లిథియం ముప్పై శాతం నుంచి తొంభై దాకా 13.1–13.3 మధ్యే ఉంటుంది. మైనస్ లైన్లో 500 ఆంపియర్ల షంట్ (పోయే వచ్చే కరెంటుని కొలిచే పట్టీ) పెట్టి లెక్కపెట్టే మీటరే దారి. అన్ని మైనస్ వైర్లూ షంట్ అవతలి నుంచే పోవాలి. ఒక్క ఫ్యాను వైరు నేరుగా బ్యాటరీకి వెళ్లినా లెక్క తప్పుతుంది.

ఉద్దానం_తోట
ఎక్కడ పెడుతున్నారన్నది బ్రాండ్ కంటే ముఖ్యం. మే నెలలో అద్దాలు మూసి ఎండలో నిలిపిన బండి లోపల 50 డిగ్రీలు దాటుతుంది. 45 దాటాక ఛార్జ్ చేస్తే సెల్ ఆయుష్షు తరుగుతుంది. సీటు కింద, నేలకి దగ్గరగా, సైలెన్సర్ పోయే పక్క కాకుండా చూడండి. పెట్టెకి గాలి బండి లోపలి నుంచే తీసుకునేలా 38 డిగ్రీలకి ఆన్ అయ్యే చిన్న ఫ్యాను. నెల రోజులు వాడనప్పుడు నిండుగా వదలొద్దు, సగం దగ్గర ఆపి సోలార్ తప్పించండి. చలికాలం లంబసింగి వెళ్తే తెల్లవారుజామున సున్నా దగ్గరికి దిగొచ్చు. బీఎంఎస్‌లో 5 డిగ్రీల కింద ఛార్జింగ్ ఆగేలా పెట్టండి, వాడకానికి ఇబ్బంది లేదు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం రోజుల తరబడి చీకట్లో ఉంది. అందుకే ఇక్కడ చాలామంది అడిగేది, బండి నుంచి ఇంటికి కరెంటు ఇవ్వొచ్చా అని. ఎక్స్‌టెన్షన్ బోర్డుతో ఫ్రిజ్జుకో ఫ్యానుకో ఇవ్వండి. రెండు వైపులా ప్లగ్గు ఉన్న వైరు చేసి ఇంటి సాకెట్లోకి మాత్రం గుచ్చొద్దు. మెయిన్ ఆఫ్ చేయడం మర్చిపోతే ట్రాన్స్‌ఫార్మర్ గుండా లైన్లోకి వేల వోల్టులు పోతాయి. స్తంభం మీద తీగలు సరిచేసే లైన్‌మన్ ప్రాణం పోతుంది.

నాగావళి_గట్టు
పాత ట్యూబ్యులర్లలో బాగున్నదాన్ని కొత్త ప్యాక్‌తో ప్యారలల్ ఉంచొచ్చా? ఆర్టీఓ దగ్గర ఏమైనా ఉందా?

తాటిపూడి_తీరం
వద్దు. లిథియం 13.3 దగ్గర నిలబడి ఉంటే లెడ్ ఎప్పుడూ దాని నుంచి తాగుతూనే ఉంటుంది. పాత ట్యూబ్యులర్లు రెండూ లెడ్ బ్యాటరీలు అమ్మే కొట్లో బరువుకి ఇచ్చేయండి. పాత సీసానికి ధర కడతారు, యాసిడ్ ఒంపకుండా తీసుకుంటారు.

బండిని కారవాన్‌గా మార్చిన సంగతి ఆర్‌సీలో ఎక్కి ఉందో లేదో చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద మార్పులకి అనుమతి కావాలి. ఇన్సూరెన్స్ వాళ్లకీ కొత్త బ్యాటరీ సంగతి రాసి ఇవ్వండి.

రాజాం_వైర్‌మేన్
అంతా బిగించాక ఇండక్షన్ పదిహేను నిమిషాలు ఫుల్లుగా నడిపి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో ప్రతి లగ్గూ, ఫ్యూజ్ రెండు చివరలూ చూడండి. ఒకటి పక్కదానికంటే పదిహేను డిగ్రీలు ఎక్కువుంటే ఆ జాయింటు విప్పి మళ్లీ చెయ్యాల. సెల్ స్టడ్‌లు 4–5 న్యూటన్ మీటర్లే, చేతి స్పానర్తో లాగితే స్టడ్ ఊడొస్తది. 500 కిలోమీటర్లు నడిచాక ఫ్యూజ్ తీసి మళ్లీ ఒకసారి టార్క్ చూడండి.

నాగావళి_గట్టు
సరే. 70 స్క్వేర్ కేబుల్, క్లాస్ టి, డీసీ ఛార్జర్ ముందు తెప్పించి బిగిస్తాను, సెల్స్ ఆ తరవాతే. ఇన్వర్టర్ మెనూలో లో-వోల్టేజీ కట్ 11.5 దాకానే పెరుగుతోంది, ఫర్వాలేదా?

బొబ్బిలి_సోలార్
ఫర్వాలేదు. 11.5 దగ్గర సెల్ 2.87 ఉంటుంది. బీఎంఎస్‌లో సెల్ లో-వోల్టేజీ కట్ 2.7కి పెట్టండి, ఇన్వర్టరే ముందు ఆగుతుంది.