ఉమ్రాకు వెళ్తున్న అమ్మ పాత టీకా చీటీ చెల్లుతుందా?

మాది చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్. మరో 16 రోజుల్లో అమ్మ ఉమ్రాకు (మక్కా యాత్రకు) బయలుదేరుతోంది. నాలుగేళ్ల క్రితం హజ్‌కు వెళ్ళినప్పుడు మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) రాకుండా టీకా వేయించుకుంది. ఆ చీటీని తస్బీ (జపమాల)తో పాటు రేకు డబ్బాలో భద్రంగా దాచుకుంది. తేదీ, ముద్ర స్పష్టంగానే ఉన్నాయి కానీ, టీకా పేరు ఉండాల్సిన చోట సిరా చెమ్మకు అలుక్కుపోయింది.

నా గుబులంతా అక్కడే. ఈ టీకాలో రెండు రకాలున్నాయి; సౌదీ నిబంధనల్లో కాంజుగేట్ రకం అయితే 5 ఏళ్లు చెల్లుతుంది, పాలీశాకరైడ్ రకం అయితే 3 ఏళ్లే. మళ్ళీ వేయించాలంటే సౌదీ చేరడానికి కనీసం 10 రోజుల ముందే వేయించాలి. అంటే నా చేతిలో ఉన్నది ఆరు రోజులు. అమ్మేమో "ఒకసారి పొడిపించుకున్నాను కదమ్మా, మళ్ళీ ఎందుకు?" అంటోంది.

ఇంట్లో నా ఏడాదిన్నర పాప ఉంది. 2000లో హజ్ తరువాత మెనింజైటిస్ క్రిమిలో డబ్ల్యు-135 అనే రకం వ్యాపించినప్పుడు, యాత్రకు వెళ్ళని ఇంటివాళ్ళకు కూడా సోకింది. యాత్రికుల గొంతులో ఆ క్రిమి ఏ లక్షణమూ లేకుండా ఉండగలదట. అది చదివినప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

చంద్రపూర్‌లో గానీ నాగపూర్‌లో గానీ ఏసీడబ్ల్యువై (మెనింజైటిస్ క్రిమిలో ఈ నాలుగు రకాలకూ పనిచేసే) టీకా ఎక్కడ దొరికింది? ఇలాంటి చీటీతో ఎవరైనా వెళ్ళారా, లేక మళ్ళీ వేయించుకున్నారా? అమ్మకు బీపీ మాత్రలు నడుస్తున్నాయి. పాపకు కూడా వేయించమని మీ పిల్లల డాక్టరు ఎవరికైనా చెప్పారా? తెలిసినవాళ్ళు దయచేసి ఈ రోజే చెప్పండి.