అప్‌డేట్: మోగని ఫోను కోసం జేబు తడుముకుంటున్న మా తమ్ముడి విషయం

ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్న మా తమ్ముడికి ఫోను మోగకపోయినా జేబులో అదిరినట్లు అనిపిస్తోందని, ఇది మానసిక జబ్బేమోనని నెల క్రితం అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

అన్నం తింటూ వాడు ఎడమచేత్తో ప్యాంటు జేబు తడుముకోవడం, ఫోను పక్క గదిలో ఛార్జింగులో ఉందని గుర్తొచ్చి చేయి వెనక్కి తీసుకోవడం చూశాక, ఇక ఆగలేక మానసిక వైద్యురాలి దగ్గరకు తీసుకువెళ్లాను. ఇది పిచ్చి కాదని, ఏ క్షణాన కబురు వస్తుందోనని ఎదురుచూసే మెదడు బట్ట రాపిడిని, కండరం అదురును కూడా ఫోను పిలుపుగా పొరబడుతుందని ఆమె వివరించారు. 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన ఒక అధ్యయనంలో, అమెరికాలోని ఒక ఆసుపత్రి సిబ్బందిలో జవాబిచ్చినవారిలో 68 శాతం మంది తమకూ ఈ అనుభవం ఉందన్నారట. ఆ మాట విన్నాకే వాడి ముఖం తేటపడింది.

అయితే ఆమె ఎక్కువసేపు అడిగింది అదురు గురించి కాదు, ఇంటర్వ్యూ ఫలితాల కోసం రాత్రి రెండింటికి లేచి మెయిల్ చూసుకునే అలవాటు గురించి, తగ్గిన తిండి గురించి. వైబ్రేషన్ ఆపేసి, ఫోనును సంచిలో ఉంచి, రోజుకు మూడు వేళల్లోనే మెయిల్ చూడమన్నారు. మొదటి వారం బాగా చిరాకుపడ్డాడు. ఇప్పుడు ఆ అదురు రోజుకు ఒకటి రెండు సార్లకు తగ్గింది. నిద్ర మాత్రం ఇంకా కుదుటపడలేదు, నా బెంగంతా దాని మీదే. వచ్చే వారం మళ్లీ వెళ్తున్నాం. ఈలోగా రాత్రివేళ మనసు బాగోకపోతే మాట్లాడమని, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416ను వాడి నోటుపుస్తకం అట్ట మీద రాసి పెట్టాను.