1974 పద్మినికి మారుతి కార్బురేటర్ సరిపోతుందా?

ప్రశ్న, కర్నూలు నుండి:
అందరికీ నమస్కారం. మా నాన్నగారు నడిపిన 1974 నాటి ప్రీమియర్ పద్మినిని ఏడాదిగా కొద్దికొద్దిగా బాగుచేయిస్తున్నాను. రేకు పని, రంగు, బ్రేకులు పూర్తయ్యాయి, ఇంజిన్‌కు కొత్త రింగులు కూడా వేయించాను. పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే పాత సోలెక్స్ కార్బురేటర్ ఒక్కటే లొంగడం లేదు. పొద్దున చోక్ లాగితే బండి వెంటనే అందుకుంటుంది గాని, వేడెక్కిన తరువాత ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరిగే వేగం) ఒకసారి పెరిగి ఒకసారి పడిపోతూ, బళ్లారి చౌరస్తా దగ్గర ఆగేసరికి పూర్తిగా ఆరిపోతుంది. జెట్లు (పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రాల ముక్కలు) రెండుసార్లు కడిగించి గాలి కొట్టించాను, రిపేరు కిట్టు వేయించాను, ఫలితం లేదు. కింద ఒక ప్లేటు వేసి మారుతి 800 కార్బురేటర్ బిగిస్తే బాధ తీరుతుందని మా మెకానిక్ అంటున్నారు. 796 సీసీ ఇంజిన్ కోసం చేసినది 1089 సీసీకి చాలుతుందా? చేయించినవారు ఉంటే ఏమేమి మార్చవలసి వచ్చిందో దయచేసి చెప్పండి.

జవాబు, అనంతపురం నుండి:
కొత్తది కొనే ముందు ఒక్క పరీక్ష చేయండి. ఎయిర్ ఫిల్టర్ తీసి, ఇంజిన్ ఆపి ఉండగా త్రాటిల్ స్పిండిల్‌ను (గాలిదారిని తెరిచి మూసే బిళ్ల ఇరుసును) వేళ్లతో పట్టుకొని పైకి కిందికి కదిపి చూడండి. అది లొడలొడలాడుతుంటే, ఏభై ఏళ్లలో అది తిరిగే రంధ్రం అరిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చిందని అర్థం. ఆ సందులోంచి దొంగగాలి లోపలికి పోతుంటే, పెట్రోలు పాళ్లు సరిచేసే మిక్చర్ స్క్రూను ఎంత తిప్పినా ఐడ్లింగ్ నిలబడదు, కిట్టులో వచ్చే ప్యాకింగులూ డయాఫ్రమూ ఆ అరుగుదలను పూడ్చలేవు. స్పిండిల్ రెండు చివరలా గట్టి గ్రీజు దట్టంగా పూసి ఇంజిన్ స్టార్ట్ చేయండి. కాసేపైనా ఐడ్లింగ్ కుదురుకుంటే దొంగ దొరికినట్టే.

జవాబు, కడప నుండి:
పై సలహా సరైనదే అయినా, మారుతి కార్బురేటర్‌ను తీసిపారేయవలసిన పని లేదు. నా పద్మినికి అదే ఉంది. సీసీ లెక్క చూసి భయపడకండి. 796ను మూడు సిలిండర్లకు పంచితే ఒక్కోదానికి సుమారు 265 సీసీ, 1089ను నాలుగింటికి పంచితే 272 వస్తుంది. అంటే ఒక్కో పీల్పులో గాలి దాదాపు సమానమే. కాబట్టి మామూలు వేగంలో తేడా పెద్దగా తెలియదు గాని, గువ్వలచెరువు ఘాట్‌లో నలుగురితో ఎక్కేటప్పుడు మాత్రం ఊపిరాడనట్టు అనిపిస్తుంది.

అసలు కష్టమంతా బిగింపులో ఉంది. అల్యూమినియం ప్లేటు రెండు ముఖాలూ చదునుగా లేకపోతే మళ్లీ అదే దొంగగాలి మొదలవుతుంది. లేత్ పని చేసే ఆయన మొదట చేసిచ్చిన ప్లేటును నేను పారేయవలసి వచ్చింది. మారుతి కార్బురేటర్‌లోని ఐడ్లింగ్ సొలెనాయిడ్‌కు (కరెంటుతో పెట్రోలు దారి తెరిచే కవాటానికి) ఇగ్నిషన్ నుంచి 12 వోల్టుల వైరు ఇవ్వకపోతే ఐడ్లింగ్ జెట్‌కు పెట్రోలే అందదు. ఈ చిన్న సంగతి తెలియక నేను రెండు రోజులు జెట్లు విప్పుతూ కూర్చున్నాను. యాక్సిలరేటర్ కడ్డీల అమరికను కేబుల్‌కు మార్చాలి, బానెట్ మూసినప్పుడు ఎయిర్ ఫిల్టర్ తగలకుండా చూసుకోవాలి. అన్నీ కుదిరాక కొంత దూరం నడిపి ప్లగ్గులు విప్పి చూడండి. కొసలు తెల్లగా ఉంటే పెట్రోలు చాలనట్టు, మసి పట్టి ఉంటే ఎక్కువైనట్టు.

ప్రశ్న అడిగినవారు:
గ్రీజు పూసి చూశాను. పది నిమిషాల పాటు ఇంజిన్ గడియారంలా నడిచింది, గ్రీజు కరిగి కారిపోగానే మళ్లీ పాత కథ మొదలైంది. స్పిండిల్ ఆట కంటికే కనిపిస్తోంది.

జవాబు, అనంతపురం నుండి:
అయితే సోలెక్స్‌నే బాగుచేయించండి. ఇంకో కారణం కూడా ఉంది. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న కారును వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. మీ బండి ఆ వయసుకు వచ్చింది. కార్బురేటర్ మార్చినంత మాత్రాన నమోదు ఆగిపోతుందని నేను అనను గాని, తనిఖీకి వెళ్లిన రోజున బానెట్ కింద సోలెక్స్ కనిపిస్తే ఒక వాదన తగ్గుతుంది.

మెయిన్ జెట్ విషయం కూడా గుర్తుంచుకోండి. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలే చాలు. కనుక 20 శాతం ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలు, పాత జెట్‌తో కాస్త పలచగా (గాలి ఎక్కువై, పెట్రోలు చాలక) మండుతుంది. ప్లగ్గులు తెల్లబడితే ఒక సైజు పెద్ద జెట్ వేయండి. పాత రబ్బరు పైపులు కూడా ఆ పెట్రోలుకు ఉబ్బి పగులుతాయి, వాటిని మార్చేయండి.

ప్రశ్న అడిగినవారు:
కార్బురేటర్ విప్పి లేత్ దగ్గరికి తీసుకువెళ్తున్నాను. అరిగిన స్పిండిల్ రంధ్రాల్లో వేసే బుష్‌లు (చిన్న గొట్టాలు) ఇత్తడితో చేయించమంటారా?

జవాబు, కడప నుండి:
ఇత్తడి చాలును. రెండు వైపుల రంధ్రాలనూ ఒకే వరుసలో, ఒకే బిగింపులో తొలిపించండి. వెంట్రుకవాసి తేడా వచ్చినా త్రాటిల్ బిళ్ల బిగుసుకుంటుంది. ఆ బిళ్లను పట్టుకొని ఉండే చిన్న మరలు కొత్తవి వేసి, వాటి కొసలను కొట్టి అణచమనండి. అవి ఊడితే నేరుగా సిలిండర్‌లోకే పోతాయి.