ఇంట్లో చేసుకునే డయాలసిస్: నమ్మదగిన సమాచారం, ఆపదలో తోడు ఎక్కడ దొరుకుతాయి?

ప్రశ్న (ఆదోని నుంచి)

అందరికీ నమస్కారం. మా నాన్నగారి వయసు 61 సంవత్సరాలు. ముప్పై ఏళ్లు పత్తి మండీలో గుమాస్తాగా పనిచేశారు. చక్కెర జబ్బు వల్ల మూత్రపిండాలు దెబ్బతినడంతో, పోయిన శ్రావణమాసం నుంచి వారానికి రెండుసార్లు కర్నూలుకు తీసుకెళ్లి డయాలసిస్ చేయిస్తున్నాం. పోవడానికి 100 కిలోమీటర్లు, రావడానికి మరో 100. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరితే మిషను మీద నాలుగు గంటలు గడిపి ఇల్లు చేరేసరికి పొద్దు వాలిపోతుంది. పిక్కలు పట్టేసి, మరుసటి రోజంతా ఆయన మంచం దిగలేకపోతున్నారు.

పోయిన వారం డాక్టరుగారు, ఇంట్లోనే పొట్ట ద్వారా చేసుకునే డయాలసిస్ గురించి ఆలోచించమని చెప్పి, ఇంగ్లీషులో ఉన్న ఒక కరపత్రం ఇచ్చారు. మా అమ్మకు తెలుగే కూడబలుక్కుని చదవడం వచ్చు. వీడియోలు చూద్దామంటే ఒకాయన పునర్నవ కషాయం తాగితే డయాలసిస్ మానేయవచ్చంటాడు, మరొకాయన పొట్టలో గొట్టం పెడితే చీము పట్టి చనిపోతారంటాడు. తెలుగులో నమ్మదగిన సమాచారం ఎక్కడ ఉంది? అర్ధరాత్రి ఏదైనా జరిగితే మమ్మల్ని ఆదుకునేది ఎవరు? మాది రెండు గదుల ఇల్లు, కుళాయి రెండు రోజులకొకసారి వస్తుంది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు 1 (కడప నుంచి)

తమ్ముడూ, మా ఆయన మూడేళ్లుగా ఈ పద్ధతిలోనే ఉన్నారు. మొదట కషాయం సంగతి. మా బంధువుల్లో ఒకరు అలాంటి మాటలు నమ్మి రెండు వారాలు డయాలసిస్ మానేసి, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఐసీయూలో పడ్డారు. ఆ వీడియోలు మీ నాన్నగారి కంట పడకుండా చూడండి.

ఇక మా ఇంట్లో జరిగే పని చెబుతాను. రోజుకు నాలుగుసార్లు, ఒక్కోసారి రెండు లీటర్ల ద్రవం పొట్టలోకి ఎక్కించి, నాలుగు నుంచి ఆరు గంటలు లోపలే ఉంచి, ఆ తర్వాత బయటికి వదిలేసి కొత్త బ్యాగు పెడతాం. మార్చడానికి అరగంట పడుతుంది. ఆ అరగంట తలుపులు, కిటికీలు మూసి ఫ్యాను ఆపాలి. మే నెలలో కడపలో ఫ్యాను ఆపి కూర్చోవడం ఎట్లా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఇద్దరమూ మాస్కు కట్టుకుంటాం, నేను సబ్బుతో చేతులు కడిగి శుభ్రమైన బట్టతో పూర్తిగా తుడుచుకుంటాను, ఆ తర్వాతే గొట్టం మూత తీస్తాను. కిటికీ ఊచకు కట్టిన కొక్కేనికి కొత్త బ్యాగు, నేల మీద ప్లాస్టిక్ తొట్టిలో ఖాళీ బ్యాగు, మధ్యలో కుర్చీలో ఆయన. బయటికి వచ్చిన బ్యాగును కాటాకు తగిలించి బరువు చూసి నోటుబుక్కులో రాస్తాను. లోపలికి పోయినదానికంటే ఎంత ఎక్కువ వచ్చిందో ఆ లెక్కలో తెలుస్తుంది.

బ్యాగు పారేసే ముందు దాన్ని దినపత్రిక మీద పెట్టి చూడమని మాకు నేర్పించారు. అక్షరాలు స్పష్టంగా కనపడితే సరే. ఒకసారి రాత్రి పదింటప్పుడు బ్యాగులోని ద్రవం బియ్యం కడిగిన నీళ్లలా కలకగా ఉంది, కింద పెట్టిన పేపరులో పెద్ద అక్షరాలు కూడా కనపడలేదు. పొట్ట నొప్పి కొంచెమే ఉంది. దగ్గరలోని ఒక ఆసుపత్రికి పోతే అక్కడివారు గ్యాసని మాత్రలిచ్చి, నేను తీసుకెళ్లిన బ్యాగును చెత్తబుట్టలో పడేశారు. తెల్లారేసరికి జ్వరం వచ్చింది. తిరుపతికి తీసుకెళ్తే, పొట్ట పొరకు ఇన్ఫెక్షన్ సోకిందని తేల్చి, గొట్టం ద్వారానే యాంటీబయాటిక్ ఎక్కించారు. రెండు వారాల్లో తగ్గింది. ఆ మొదటి బ్యాగు ఉండి ఉంటే ఏ క్రిమి సోకిందో ముందే తెలిసేదని వాళ్లు చెప్పినప్పుడు నాకు ఏడుపు వచ్చింది. కలకగా వచ్చిన బ్యాగును ఎవరు అడిగినా వదలకండి, మీకు గొట్టం వేసిన ఆసుపత్రికే చేర్చండి.

ఇంకొక మాట. రెండు రోజులు మలబద్ధకం ఉంటే ద్రవం సరిగా దిగదు. మొదటిసారి గొట్టం చెడిపోయిందేమోనని మేము హడలిపోయాం.

జవాబు 2 (అనంతపురం నుంచి, డయాలసిస్ విభాగంలో నర్సు)

పై అక్క రాసినది అక్షరాలా నిజం. కొన్ని విషయాలు జోడిస్తాను.

ఇంట్లో డయాలసిస్ అంటే రెండు రకాలు. రక్తాన్ని శుద్ధి చేసే మిషనునే ఇంటికి తెచ్చుకోవడం మొదటిది. అందులో నిమిషానికి అర లీటరు చొప్పున నాలుగు గంటలకు 120 లీటర్ల ద్రవం కావాలి, దాన్ని తయారు చేయడానికి ఆర్వో ద్వారా శుద్ధి చేసిన నీళ్లు కావాలి, ఆర్వో వదిలేసే నీళ్లు వేరే. మన సీమ బోరునీళ్ల ఉప్పదనానికి, రెండు రోజులకొకసారి వచ్చే కుళాయికి అది కుదిరే పని కాదు. రెండో రకమైన, డాక్టరుగారు మీకు చెప్పిన పొట్ట ద్వారా చేసే పెరిటోనియల్ డయాలసిస్‌కు చేతులు కడుక్కునే నీళ్లు చాలు, ద్రవమంతా బ్యాగుల్లోనే వస్తుంది. రాత్రి నిద్రలో మిషనే బ్యాగులు మార్చే పద్ధతి కూడా ఉంది కాని దానికి ఖర్చు ఎక్కువ, కరెంటు నిలకడగా ఉండాలి.

మీ నాన్నగారికి మూత్రం ఇంకా ఎంత వస్తున్నదో ఒకరోజు కొలిచి డాక్టరుకు చెప్పండి, నిర్ణయానికి అది చాలా ముఖ్యం. పొట్టకు పెద్ద ఆపరేషన్లు అయినా, గిలక (హెర్నియా) ఉన్నా ముందే చెప్పాలి. బ్యాగుల్లో ఉండేది చక్కెర ద్రవం. 1.5, 2.5, 4.25 శాతాల్లో వస్తుంది. ఎక్కువ శాతం ఉన్నది ఎక్కువ నీటిని లాగుతుంది కాని ఒంట్లోకి చక్కెర కూడా ఎక్కువ చేరుతుంది కాబట్టి ఆయన ఇన్సులిన్ మోతాదు మారవచ్చు. ద్రవంతో పాటు రోజుకు 5 నుంచి 10 గ్రాముల ప్రొటీను పోతుంది. అందుకని గుడ్డు తెల్లసొన లాంటివి పెంచమంటారు. చెనిక్కాయల చట్నీ ఇష్టమైతే మాత్రం భాస్వరం సంగతి డైటీషియన్‌ను అడిగాకే పెట్టండి.

సమాచారం విషయానికి వస్తే, కిడ్నీ ఎడ్యుకేషన్ ఫౌండేషన్ వెబ్‌సైట్‌లో నెఫ్రాలజిస్టులు రాసిన పుస్తకం తెలుగులో ఉచితంగా దొరుకుతుంది. అమ్మగారికి మీరే రోజుకు నాలుగు పేజీలు చదివి వినిపించండి. ఏ వీడియో అయినా మందు అమ్ముతూ ముగిస్తే దాన్ని పక్కన పెట్టేయవచ్చు. కర్నూలు సర్వజన ఆసుపత్రిలోను, తిరుపతి స్విమ్స్‌లోను నెఫ్రాలజీ విభాగాలున్నాయి, రెండో అభిప్రాయం అక్కడ తీసుకోవచ్చు. డబ్బు విషయంలో, ఎన్టీఆర్ వైద్య సేవ కింద పొట్ట డయాలసిస్‌కు, గొట్టం ఆపరేషన్‌కు ఏ మేరకు వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి కాగితం మీద రాయించుకోండి, నోటిమాట మీద సంతకాలు పెట్టకండి. జాతీయ డయాలసిస్ కార్యక్రమంలో పొట్ట డయాలసిస్‌ను చేరుస్తూ కేంద్రం 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది, అడిగేటప్పుడు ఆ మాట కూడా గుర్తు చేయండి. డయాలసిస్ రోగులకు ఇచ్చే పింఛను గురించి మీ సచివాలయంలో విచారించండి.

గొట్టం వేసిన తర్వాత మామూలుగా రెండు వారాలు ఆగి వాడతారు. అంతవరకు కర్నూలు ప్రయాణం తప్పదు. మిషను డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతి రక్తనాళాలను కలిపి చేసిన ఫిస్టులాను కూడా జాగ్రత్తగా కాపాడుకోండి.

జవాబు 3 (కర్నూలు నుంచి)

రెండో వైపు కూడా చెప్పాలి గనుక రాస్తున్నాను. మా అమ్మకు ఏడాదిన్నర ఈ పద్ధతిలో చేసి, మళ్లీ మిషను డయాలసిస్‌కే మార్చుకున్నాం. ఇన్ఫెక్షన్ ఒక్కసారీ రాలేదు. చేసేది మా ఆవిడ ఒక్కతే కావడం వల్ల ఆమె నడుము, నిద్ర రెండూ పోయాయి, పుట్టింట్లో పెళ్లికి కూడా ఒక పూట ఉండలేకపోయింది. శిక్షణకు ఇద్దరిని పంపమని ఆసుపత్రిలో చెబితే మేము వినలేదు. మీరు మాత్రం అమ్మగారితో పాటు తప్పకుండా కూర్చుని నేర్చుకోండి. బ్యాగులు నెలకు 120 వస్తాయి, అంటే 240 కిలోల బరువు. రేకుల షెడ్డు కింద పెట్టకూడదు, ఎండకు పాడవుతాయి. ఆ పెట్టెలు పెట్టడానికి నీడపట్టున చోటు చూసుకోండి.

ప్రశ్న అడిగినవారి జవాబు

అక్కకు, నర్సమ్మగారికి, కర్నూలు అన్నగారికి నమస్కారాలు. నిన్న డయాలసిస్‌కు పోయినప్పుడు డాక్టరుగారిని నాలుగు ప్రశ్నలు అడిగాను: శిక్షణ ఎన్ని రోజులు ఇస్తారు, రాత్రి ఫోను చేస్తే ఎవరు ఎత్తుతారు, బ్యాగులు ఆదోని దాకా వస్తాయా, కలకగా వస్తే ద్రవాన్ని ఎక్కడ పరీక్ష చేస్తారు. మొదటి మూడింటికి వెంటనే జవాబు వచ్చింది, రాత్రి ఫోను నంబరు కరపత్రం వెనుకే రాసిచ్చారు. నాలుగోదానికి మాత్రం కర్నూలుకే తేవాలన్నారు. రాత్రిపూట 100 కిలోమీటర్లు బ్యాగు పట్టుకుని రావడానికి మా వీధి ఆటో అతను కారు మాట్లాడిపెడతానన్నాడు.

నాన్నగారికి రోజుకు ఇంకా 600 మిల్లీలీటర్ల మూత్రం వస్తోందని కొలిస్తే తెలిసింది, అది మంచి సంగతేనని డాక్టరుగారు అన్నారు. మాకు పెట్టెలు పెట్టే చోటు మంచం కింద తప్ప లేదు. అమ్మ అప్పుడే దాన్ని ఖాళీ చేసి, వడ్ల బస్తా వంటింట్లోకి జరిపించింది. ఒక్క సందేహం మిగిలింది: శిక్షణకు ముందు ఎవరింట్లోనైనా ఒకసారి బ్యాగు మార్చడం (ఎక్స్ఛేంజ్) కళ్లారా చూస్తే అమ్మకు ధైర్యం వస్తుంది. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల ఈ పద్ధతిలో ఉన్నవారు ఎవరైనా మమ్మల్ని గడప దాకా రానిస్తారా? మాస్కులు మేమే తెచ్చుకుంటాం.