శాయరానా, సేయరానా?

రెండో ఆట:
యాభైల దశకం మొత్తానికి ఒక్క తెలుగు సినిమా పేరే చెప్పాలంటే ఏది చెప్పాలి అని మా స్నేహితుల మధ్య వారం రోజులుగా వాదన. నేను పాతాళభైరవి పక్షం. నా వాదన కాగితం మీద పెడదామని కూర్చుని, మొదటి వాక్యంగా మాంత్రికుడి మాట వేసుకున్నాను, అక్కడే ఆగిపోయాను. "సాహసం శాయరా డింభకా" అని రాస్తే కన్ను ఒప్పుకోవడం లేదు. "సేయరా" అని దిద్దితే చెవి ఒప్పుకోవడం లేదు. "రాజకుమారి లభిస్తుందిరా" అన్న రెండో సగంతో నాకు పేచీ లేదు, ఆ ఒక్క అక్షరమే నిద్ర పట్టనివ్వడం లేదు. అసలు "శాయు" అనే క్రియ మనకుందా? మాటలు రాసిన పింగళి వారు కాగితం మీద ఏం రాసి ఉంటారు, మాంత్రికుడి వేషం కట్టిన రంగారావు గారు ఏం పలికారు? ఈ రెండూ వేరువేరు ప్రశ్నలని నా అనుమానం. ఎవరైనా తేల్చండి.

కందం:
ఇందులో తేల్చడానికేముంది? సాహసము + చేయరా. జడపదాలకు ద్వితీయ బదులు ప్రథమ రావచ్చు, ప్రథమ మీది పరుషానికి, అంటే క చ ట త ప లకి, గసడదవలు బహుళంగా వస్తాయి. చకారానికి సకారం. సాహసము సేయరా. ము తీసి సున్న పెట్టారు కాబట్టి సాహసం సేయరా. పింగళి గ్రంథం తెలిసిన మనిషి, బందరు నాటకాల నుంచి వచ్చినవాడు, వింధ్యరాణి నాటకం రాసిన చెయ్యి అది. ఆయన కాగితం మీద "శా" రాసి ఉంటాడని నేను నమ్మను. శాయరా అన్నది వినికిడి పొరపాటు, దాన్ని మనం డెబ్భై ఏళ్లుగా ఒకరి నుంచి ఒకరం నేర్చుకుంటున్నాం.

తాటాకు:
కందం గారూ, "వినికిడి పొరపాటు" అనేముందు ఒక్కసారి పాత ఉత్తరాలు చూడండి. "దయ శాయవలెను", "మనవి శాయడమైనది" అని కొల్లలుగా ఉంటుంది. మెకంజీ దొర పోగుచేయించిన ఊళ్ల చరిత్రలు, అదే కైఫీయతుల్లో గుడి కథ ఏది తీసినా ప్రతిష్ఠ "శాయించి"నవాడు ఒకడుంటాడు. రాయసగాళ్లు, అంటే కచేరీల్లో రాతపని చేసేవాళ్లు రాసిన వచనం అది, పద్యం కాదు, అందుకే వ్యాకరణం పుస్తకాల్లో మీకు కనబడదు. పింగళి మాంత్రికుడికి పెట్టింది పాత దఫ్తరాల తెలుగు అని నా సిద్ధాంతం. ఎప్పటివాడో, ఎక్కడివాడో తెలియని మనిషి నోట్లో ఒక ముతక పాతదనం ఉండాలి. సేయరా అంటే ఆస్థాన కవి అయిపోతాడు.

చిన్నక్షరం:
ఇద్దరూ కలం వైపు నుంచి వస్తున్నారు, నేను నోటి వైపు నుంచి వస్తాను.

మేక, మేడ అని రాస్తాం. పలికేటప్పుడు ఆ ఏకారం నోరు తెరుచుకుని మ్యాక, మ్యాడ అన్నంత దగ్గరకి వెళ్తుంది. తర్వాతి అక్షరంలో అకారం ఉండటం వల్ల. మేటి, వేలు అన్నప్పుడు అలా జరగదు, ఎందుకంటే అక్కడ తర్వాత వచ్చేది ఇకారం, ఉకారం. ఈ తెరుచుకున్న ఏకారానికి మన లిపిలో అక్షరం లేదు. బ్యాంకు రాయాలంటే యవత్తు అరువు తెచ్చుకుంటాం. ఇప్పుడు "చేయరా" చూడండి, ఏ తర్వాత య ఉంది, దాని మీద అకారం ఉంది. నోట్లో అది చ్యాయరా అవుతుంది. మాట మధ్యలో చ మెత్తబడితే శ్యాయరా. దాన్ని రాయసగాడు శాయరా అని రాశాడు, ఎందుకంటే అతని దగ్గర అంతకన్నా దగ్గర అక్షరం లేదు.

నమ్మకం కుదరకపోతే మీరు రోజూ రాసే మాటే చూడండి. "చేసి" అని స రాస్తారు, "చేశాడు" అని శ రాస్తారు. ధాతువు అదే కదా, ఎందుకు మారింది? చేసినాడు కుదించుకుపోయి ఆ తెరుచుకున్న అచ్చు వచ్చింది, దాని ముందు స నిలవలేక శ అయింది. చేశాడులో శా, శాయరాలో శా ఒకటే. "శాయు" అని వేరే క్రియ లేదు, తెలుగువాడి నోట్లో "చేయు" కి ఉన్న ఇంకో ముఖం అది.

రెండో ఆట:
చేసి, చేశాడు! రోజూ రాస్తూ ఒక్కసారి కూడా ఆలోచించలేదు. చిన్నక్షరం గారూ, చాలా సంతోషం. మరి నా వ్యాసంలో శా వేసేయనా?

కందం:
తొందరపడకండి. పలుకుబడి అలా ఉందని ఒప్పుకున్నా, అది పలికినవాడిది. రాసినవాడిది ఏదో తేలలేదు. పైగా పక్కనున్న మాట చూడండి, "డింభకా". ఇది దఫ్తరం తెలుగు కాదు, పోతన తెలుగు.

డింభక! సర్వస్థలముల
నంభోరుహనేత్రుఁ డుండు ననుచు మిగుల సం
రంభంబునఁ బలికెద వీ
స్తంభంబునఁ జూపఁ గలవె చక్రిన్ గిక్రిన్

డింభ, నంభో, రంభం, స్తంభం. ప్రాస చూశారుగా, భ ఒత్తు పోవడానికి వీల్లేదు. డింబకా అని రాసేవాళ్లందరికీ ఈ కందపద్యం చాలు. పింగళి చెవిలో ఉన్నది హిరణ్యకశిపుడు. ఆ పలుకుకి సేయరా అతుకుతుంది, శాయరా అతకదు.

తాటాకు:
డింభకుడంటే పిల్లవాడనే కదా, అమరకోశంలో శిశు పర్యాయాల్లోనే ఉంది, పోతః పాకోఽర్భకో డింభః అని. నాకు ఇంకో దారి కూడా తోస్తోంది. హరివంశంలో హంసుడు, డింభకుడు అని అన్నదమ్ములున్నారు, కృష్ణుడి మీదికి పోయి చచ్చినవాళ్లు. సాహసం అనగానే డింభకుడు తట్టడానికి అది కారణమేమో.

కందం:
తెలుగులో హంస డిభకులు అనే వాడుక ఎక్కువ, సున్న లేదు. ఆ దారి అక్కడితో ఆగిపోతుంది.

వత్తులపెట్టె:
చక్రిన్ గిక్రిన్ దగ్గర అందరూ ప్రాస చూసి వెళ్లిపోతారు, నాకు బాధ. కూర గీర, పని గిని అని మనం ఇంట్లో అనే మాటని తెచ్చి విష్ణువు పేరు మీద పెట్టాడు మహానుభావుడు. తెలుగులో ఒకణ్ణి తీసిపారేయడానికి తిట్టక్కర్లేదు, పేరు పక్కన "గి" పెడితే చాలు. గొప్ప సంస్కృత సమాసం వేసి దైత్యరాజుతో తిట్టించవచ్చు, పోతనకి ఆ శక్తి లేక కాదు. దానికి కాస్త ముందున్న పద్యంలో పిల్లవాడు "దానవాగ్రణి వింటే" అంటాడు. ఆ "వింటే" ఎంత దగ్గరి మాట! తండ్రి చెయ్యి పట్టుకుని ఊపుతున్నట్టు ఉంటుంది. కాబట్టి పోతన తెలుగు అంటే గ్రంథం తెలుగు అనుకుని దాన్ని శాయరాకి ఎదురు పెట్టడం నేను ఒప్పుకోను. పోతనలోనే రెండూ ఉన్నాయి.

కందం:
వింటే వాడుక మాట కాదండీ, వింటివే కుదించుకుంటే వింటే. కావ్యాల్లో మామూలే. గిక్రిన్ సంగతి మాత్రం మీరు చెప్పినట్టే, నేను అలా ఎప్పుడూ చూడలేదు.

పొలంగట్టు:
అయ్యా, మొదటి ప్రశ్నలో ఒక ముక్క ఎవరూ ముట్టుకోలేదు. యాభైల దశకానికి పాతాళభైరవి ఎలా ప్రతినిధి అవుతుంది? ఆ పదేళ్లలో ఏం జరిగింది? 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది. కౌలు, భూమి, దున్నేవాడు, అన్నీ ఆ రోజుల మాటలే. 1955లో తాపీ చాణక్య తీసిన రోజులు మారాయి ఆ పదేళ్ల ముఖం. కొసరాజు గారి ఏరువాక పాట వినండి, ఎడ్లు కట్టడం, నాగలి పట్టడం తెలిసినవాడి మాటలు. దానికి ముందే 1954లో పెద్దమనుషులు వచ్చింది, ఊరి పెద్ద ముసుగు తీసింది. ఆ రెండూ లేని జాబితా జాబితా కాదు. మంత్రాలతో రాజకుమారిని గెలిచే కథ ఏ దశకంలో అయినా వస్తుంది.

రెండో ఆట:
ఆ రెండు సినిమాలూ నాకూ ఇష్టమే. కానీ నా కొలత వేరు. సినిమా వెళ్లిపోయాక దాని మాట జనం నోట్లో ఉండిపోవాలి. రోజులు మారాయి సినిమా గుర్తుంది, పాట గుర్తుంది, కానీ దానిలోని సంభాషణ ఒక్కటి మీరు ఇప్పుడు మామూలు మాటల్లో వాడతారా? ఎవరైనా భయపడుతూ కొత్త పని మొదలుపెడితే మనం అనేది ఇప్పటికీ ఈ మాంత్రికుడి మాటే. సినిమా చూడనివాడు కూడా అంటాడు. తోటరాముడు తోటమాలి కొడుకు, రాజకుమారిని కోరుకున్నాడు, తెగించినవాడికి దక్కుతుంది అన్న ఆశ 1951 ప్రేక్షకుడికి ఉత్త మంత్రం కథ కాదు. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశంలో కూర్చుని చూశాడు.

కానీ ఆ మాట అంటున్నవాడు తోటరాముణ్ణి బలివ్వడానికి తీసుకెళ్తున్నాడు. అదే నన్ను పట్టుకున్నది. ఇంత ధైర్యం చెప్పే వాక్యం మోసగాడిది. డింభకా అన్న పిలుపులో ముద్దు ఉందా, నువ్వింకా పసివాడివిరా అన్న చులకన ఉందా? నాకు రెండూ వినబడతాయి.

వత్తులపెట్టె:
మాటే కొలత అయితే మాయాబజార్ ఉండగా పాతాళభైరవి ఎందుకండీ? 1957. అదే కె.వి. రెడ్డి, అదే పింగళి, అదే రంగారావు. వీరతాడు, గింబళి, గిల్పం, అన్నిటికీ మించి తసమదీయులు. అస్మదీయులు అంటే మనవాళ్లు, మరి పైవాళ్లు? సంస్కృతం వస్తే యుష్మదీయులో తదీయులో అనాలి. రాక్షసుడు తసమదీయులన్నాడు. పండితుడు ఆ మాట లేదంటే, ఎవరూ పుట్టించకపోతే మాటలెలా పుడతాయి అని ఘటోత్కచుడు ఆ రాక్షసుడికే వీరతాడు వేయించాడు. మన భాష మీద అంత ధైర్యమైన మాట ఆ దశకంలో ఏ వ్యాసకర్తా అనలేదు. ఇప్పుడు రాజకీయాల వార్తల్లో కూడా అస్మదీయులు, తస్మదీయులు అని శీర్షికలు పెడుతున్నారు, వాళ్లలో సగం మంది అది అసలైన సంస్కృతం అనుకుంటున్నారు.

తాటాకు:
చూశారా, మీరే ఒకసారి తసమ అన్నారు, ఒకసారి తస్మ అన్నారు.

వత్తులపెట్టె:
సినిమాలో సమ, పత్రికల్లో స్మ. కావాలనే అలా రాశాను. స్మ రాగానే మాట చదువుకున్నవాడిది అయిపోతుంది. ఒత్తు పలకలేని నోట్లో పుట్టింది కాబట్టే సమ. దాన్ని దిద్దడం ఆ మాటకి అన్యాయం.

చిన్నక్షరం:
ఇది శాయరాకి కూడా వర్తిస్తుంది కదా కందం గారూ. దిద్దితే మాట చచ్చిపోతుంది.

కందం:
తసమ అక్కడ కావాలని వేసిన తప్పు, కథలో దాని మీద చర్చే జరిగింది. శాయరా మీద కథలో ఎవరూ ఏమీ అనలేదు. రెండిటినీ ఒక గాటన కట్టకండి.

నా వరకు మాటల లెక్కయినా, మరే లెక్కయినా, ఆ దశకం మల్లీశ్వరిదే. 1951లోనే వచ్చింది, బి.ఎన్. రెడ్డి తీశారు, కృష్ణశాస్త్రి గారు మొదటిసారి సినిమాకి రాశారు. ఆ మాటలు జనం నోళ్లలో సామెతలు కాలేదు, నిజమే. కానీ తెలుగు అంత మెత్తగా తెర మీద మాట్లాడుతుందని అప్పటిదాకా ఎవరికి తెలుసు? అరిచి గుర్తుండిపోయే మాటొకటి, తగ్గి మాట్లాడి లోపల మిగిలిపోయే మాటొకటి. రెండోదాన్ని లెక్కలోకి తీసుకోని కొలత నాకు వద్దు.

పొలంగట్టు:
మీ అందరి కొలతలో షావుకారు ఎక్కడ? 1950, ఎల్.వి. ప్రసాద్, చక్రపాణి మాటలు. డింభకలు, తసమదీయులు ఏమీ లేవు. పక్కింటివాళ్లు మాట్లాడుకున్నట్టు మాట్లాడుకుంటారు. అందులో సున్నం రంగడు కూడా రంగారావు గారే. ఒక ఏడాది తేడాలో ఆ గొంతు అక్కడి నుంచి మాంత్రికుడి దగ్గరకి వచ్చింది. అప్పటికి ఆయనకి ముప్ఫై మూడేళ్లు కూడా నిండలేదు.

రెండో ఆట:
సున్నం రంగడు, మాంత్రికుడు, ఘటోత్కచుడు. 1950, 1951, 1957. అంటే సినిమా కాదు, ఆ గొంతే దశకమా? దీని గురించి ఇంకో వ్యాసం రాయాలి.

చిన్నక్షరం:
గొంతు అన్నారు కాబట్టి ఒక సాక్ష్యం. అదే సినిమాలో మాంత్రికుడే ఇంకోచోట "జనం కోరేది మనం శాయడమా, మనం చేసేది జనం చూడడమా" అంటాడు. చూడండి, శాయడమాలో తర్వాత అకారం, కాబట్టి శా. చేసేదిలో తర్వాత ఏకారం, కాబట్టి చే అలాగే ఉంది. ఒకే వాక్యంలో ఒకే క్రియ రెండు రూపాలు. నా సూత్రానికి ఇంతకన్నా ఏం కావాలి?

తాటాకు:
అది నాకు "శాసేది" అని గుర్తు. రెండుచోట్లా శా. అలా అయితే మీ సూత్రం పోయి నా దఫ్తరం నిలుస్తుంది, పింగళి ఆ పాత్రకి శాయు అనే క్రియనే ఇచ్చాడన్నమాట.

చిన్నక్షరం:
ఇప్పుడే మూడుసార్లు విన్నాను. మొదటిసారి చే. రెండోసారి, మీరు చెప్పింది మనసులో పెట్టుకుని వింటే శే లాగా ఉంది. మూడోసారి చెవికి ఆనించి విన్నా తేల్చలేకపోయాను. ఆయన ఆ మాటని పళ్ల మధ్య పట్టుకుని వదులుతాడు.

కందం:
సే అయ్యుండదా?