‘భూమ్యాకర్షణను దాటి కక్ష్యలోకి’ అనొచ్చా?

పోస్టు: శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగిరినప్పుడల్లా వార్తల్లో ఈ వాక్యం కనిపిస్తుంది: ‘ఉపగ్రహం భూమ్యాకర్షణ శక్తిని దాటి కక్ష్యలోకి చేరింది.’ ఆ ‘దాటి’ మొత్తం విషయాన్ని తలకిందులు చేస్తోంది. ఉపగ్రహాన్ని భూమి చుట్టూ తిప్పేదే ఆ ఆకర్షణ. అది లేకపోతే ఉపగ్రహం తిన్నగా పోతుంది, మళ్లీ రాదు.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్నే చూడండి. ఉండేది సుమారు 400 కి.మీ. ఎత్తున. నేల మీద ఉన్న ఆకర్షణలో దాదాపు 90 శాతం అక్కడా ఉంది. మరి కింద పడదేం? పడుతూనే ఉంటుంది! ఒక సెకనులో 7.7 కి.మీ. పక్కకు దూసుకుపోతుంది, అదే సెకనులో భూమి వైపు సుమారు 4.3 మీటర్లు పడుతుంది. ఆ 7.7 కి.మీ.లో దాని గుండ్రటి దారి వంగేదీ సరిగ్గా అంతే. అందుకే ఎంత పడినా నేలకు దూరం తగ్గదు. అలా పడుతూ పడుతూనే గంటన్నరకో చుట్టు పూర్తి చేస్తుంది.

వ్యాఖ్య: మరి వ్యోమగాములు తేలుతున్నారు కదండీ? గురుత్వం లేకనే కదా?

జవాబు: కాదండీ. నేల మన కాళ్లను పైకి నెట్టడం వల్లే మనకు బరువు తెలుస్తుంది. అక్కడ కేంద్రమూ, మనిషీ, చేతిలోంచి జారిన పెన్నూ అన్నీ ఒకే తీరున పడుతుంటాయి కాబట్టి ఏదీ దేన్నీ నొక్కదు. మన పాఠాల్లోని ‘భారరహిత స్థితి’ చక్కటి మాట, బరువు తెలియడం లేదనే చెబుతుంది. ‘జీరో గ్రావిటీ’ అంటేనే లేనిపోని అర్థం వస్తుంది.

వ్యాఖ్య: ‘ఆకర్షణ శక్తి’ కూడా తప్పే. ‘బలం’ అనాలి.

జవాబు: ఫిజిక్స్ పాఠంలో అయితే ‘బలం’ అనే రాయాలి, ఒప్పుకుంటాను. వార్తలో మాత్రం నేను తప్పు పట్టను. 1150లో భాస్కరాచార్యుడు సిద్ధాంత శిరోమణిలో ‘ఆకృష్టిశక్తిశ్చ మహీ తయా యత్ ఖస్థం గురు స్వాభిముఖం స్వశక్త్యా ఆకృష్యతే’ అన్నాడు. భూమికి లాగే శక్తి ఉంది, ఆకాశంలోని బరువైన వస్తువును ఆ శక్తితోనే తన వైపు లాక్కుంటుంది అని. అక్కడ శక్తి అంటే సామర్థ్యం. జనం నోట్లో ఉన్నదీ ఆ అర్థమే. నా పేచీ అంతా ‘దాటి’తోనే.

వ్యాఖ్య: అయితే ‘దాటి’ ఎక్కడా వాడకూడదా?

జవాబు: మంగళయాన్ విషయంలో కొంతవరకు నప్పుతుంది. 2013 నవంబరు 5న బయల్దేరి, ఇంచుమించు నెల రోజులు భూమి చుట్టూ తిరిగి, డిసెంబరు 1న ఇంజిన్ మండించుకుని సూర్యుడి చుట్టూ తిరిగే దారి పట్టింది. అక్కడ కూడా ‘భూమి పట్టు విడిపించుకుంది’ అంటే ఇంకా బాగుంటుంది. ఆకర్షణకు ఫలానా చోట అయిపోయిందనే గట్టు లేదు. భూమి కేంద్రం నుంచి దూరం రెట్టింపైతే నాలుగో వంతుకు తగ్గుతుంది, అంతే. సగటున 3,84,400 కి.మీ. దూరంలో ఉన్న చంద్రుణ్ణి కూడా తిప్పుతోంది కదా!

నేల దగ్గర నుంచి ఆ పట్టు విడిపించుకోవాలంటే గాలి నిరోధం లెక్కలోకి తీసుకోకుండానే సెకనుకు 11.2 కి.మీ. వేగం కావాలి. భూమికి దగ్గరి కక్ష్యకు సుమారు 7.8 కి.మీ. చాలు. రాకెట్ కష్టమంతా ఈసారి టీవీలో గమనించండి: నిలువుగా లేచి, కాసేపటికే సముద్రం మీదికి వంగుతుంది. ఎత్తుకు చేరడం ఒక వంతు, పక్కకు ఆ వేగం అందుకోవడమే అసలు పని.

వ్యాఖ్య: నేను డెస్కులో పనిచేస్తాను. ఇదంతా హెడ్డింగులో పట్టదండీ.

జవాబు: ‘వేగం అందుకుని కక్ష్యలోకి’ అని పెట్టండి. ‘భూమ్యాకర్షణను దాటి కక్ష్యలోకి’ కంటే చోటు తక్కువే తీసుకుంటుంది.